కాజాలక్క చూసిన నాడి

ప్రాణం పోయి ఎంతోసేపయిన మనిషి చేయి పట్టుకుని, నాడి భేషుగ్గా ఉందని వార్డంతా వినిపించేలా చెప్పింది కాజాలక్క. అంతటితో ఊరుకోకుండా, ఆయన్ని నిద్ర లేపొద్దని ఆయన కన్నకూతురికి జాగ్రత్తలు కూడా చెప్పింది. బద్ధకించి చెప్పింది కాదు, పరాకుగా చెప్పింది అంతకన్నా కాదు. గోడ గడియారం ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా, నిండు నిమిషం లెక్కపెట్టి మరీ చెప్పింది. ఒళ్ళు గగుర్పొడిచే సంగతి అదే.

కాజాలక్క అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. కోట్లు, యూనిఫాంలు కుట్టే ఒక దుకాణంలో పెళ్ళికి ముందు నుంచీ ఆమె పని కాజాలు కుట్టడం, గుండీలు వేయడం. మిషను మీద చిటికెలో అయిపోయే పనే అయినా, మంచి కోటుకు చేతి కాజానే కావాలని పట్టుబట్టేవాళ్ళు ఇంకా మిగిలారు. వాళ్ళ పుణ్యాన ఆ పని నిలిచింది, పనితో పాటు పేరూ నిలిచింది. నలభై దాటాక నర్సింగులో చేరితే ఆ పేరు కాలేజీకి కూడా వెంటబడి వచ్చింది. కూతురి ఈడు పిల్లలు మొదట ఆంటీ అన్నారు, ఆమె ఒక చూపు చూసేసరికి అక్కకు దిగారు.

ఈ వయసులో ఈ చదువేమిటని ముక్కున వేలేసుకోనివాళ్ళు లేరు. మామగారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఒక నర్సు ఆయన నుదుటి మీద చేయి వేసి, "ఏం పెద్దాయనా, నిద్ర పట్టిందా?" అని అడగడం కాజాలక్క చూసింది. అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడని ఆయన ఆ చేయి పట్టుకుని చిన్నపిల్లాడిలా తన బాధలన్నీ ఏకరువు పెట్టాడు. ఇన్నేళ్ళూ తాను మనుషుల బట్టలు పట్టుకుందే గానీ మనుషులను పట్టుకోలేదని ఆమెకు అక్కడే తట్టింది. ఇంటికి వచ్చి ఆ మాట చెబితే బస్సు డ్రైవరైన ఇంటాయన నవ్వాడు. నవ్వి, వంటింటి పని సగం తన నెత్తిన వేసుకున్నాడు. అత్తగారైతే వారం రోజులు సణిగి, ఆ తరువాత కోడలి తెల్ల యూనిఫాం ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా తానే ఉతకడం మొదలుపెట్టింది. పొద్దున కాలేజీ, వార్డు. మధ్యాహ్నం నుంచి దుకాణం. ఇంటిల్లిపాదీ ఆమె చదువు చుట్టూ సర్దుకున్నారు. రోగికి ముప్పు తెచ్చే తప్పు చేస్తే మాత్రం కాలేజీ మారుమాట లేకుండా ఇంటికి పంపేస్తుంది. ఇంతమంది మోస్తున్న చదువు తన చేజేతులా పాడవుతుందేమోనన్న బెంగ ఆమెను ఏనాడూ వదల్లేదు.

నాడి చూసే పాఠం రోజున పెద్ద సిస్టరు గంట కొట్టాక కూడా ఆపలేదు. వార్డుకు పెద్ద, ఈ విద్యార్థులకు పంతులమ్మ, రెండూ ఆవిడే. కాజాలక్కకు దుకాణం వేళ మించిపోతోంది. ఆలస్యంగా వస్తోందని యజమాని అప్పటికే మూతి ముడుచుకుని ఉన్నాడు. పుస్తకాలు సంచిలో కుక్కుకుని వెనక తలుపు లోంచి జారుకుంది. మిగతా పాఠం మర్నాడు పక్కన కూర్చునే పొడుగుపిల్ల అప్పజెప్పింది. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించాలట, బొటనవేలు మాత్రం పెట్టకూడదట. ఎందుకు కూడదని అడిగితే, ఏదో చెప్పారక్కా, నేను రాసుకోలేదు అంది ఆ పిల్ల. జుట్టు వదులుగా ఉండకూడదు, గోళ్ళకు రంగు ఉండకూడదు, వార్డులో చెప్పులు టపటపలాడకూడదు. ఆ కాలేజీలో కూడదులు బోలెడు. ఇది కూడా ఆ కోవలోదే కాబోలని కాజాలక్క అనుకుంది. కొంప ముంచింది ఆ అనుకోవడమే.

ఆ సాయంత్రం ఇంటాయన చేయి పట్టుకుని కూర్చుంది. సూది నెట్టీ, కింద నుంచి పోట్లు తినీ ఆమె వేళ్ళ కొసలు ఏనాడో కాయలు కాచాయి. ఎంత ఆనించినా, ఎంత అదిమినా వాటికి ఏమీ తగల్లేదు.

"ఏమీ కొట్టుకోవడం లేదండీ. అసలు మీరు ఉన్నారా?"

"నీతో ఇన్నేళ్ళు కాపురం చేశాక ఇంకా కొట్టుకుంటుందా?" అన్నాడాయన.

అత్తగారి చేయి చూసింది, కూతురి చేయి చూసింది. అంతా నిశ్శబ్దమే. నర్సవుదామని వచ్చి మనిషి నాడే దొరక్కపోతే ఇంకేం నర్సు అని ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. చివరికి విసుగెత్తి బొటనవేలు పెట్టి నొక్కింది. అంతే. టక్, టక్, టక్ మని, తలుపు తట్టినంత స్పష్టంగా దొరికింది. బట్టను పైనుంచి పట్టుకోవడం తప్ప కుట్టు పనిలో ఆ వేలికి పోట్లు పడలేదు. అందుకే అది మెత్తగా మిగిలిందని, బతికించిందని కాజాలక్క సంబరపడింది. అత్తగారికీ దొరికింది, కూతురికీ దొరికింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

పరీక్షలో ఆసుపత్రి వాచ్‌మన్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక చేయి పెద్ద సిస్టరు, ఇంకో చేయి కాజాలక్క పట్టుకున్నారు. పైకి మూడు వేళ్ళూ బుద్ధిగా ఆనించినట్టు కనిపించేలా, వాటి చాటున బొటనవేలు పని చేసేలా పట్టుకోవడం ఆమె అప్పటికే సాధన చేసింది. ఇద్దరి లెక్కకూ పెద్ద తేడా రాలేదు. చేయి నిలకడగా ఉందని పెద్ద సిస్టరు మెచ్చుకుంది. ఆ మెప్పు కాజాలక్క ఇంటికి మోసుకుపోయి, పదిమందికీ పంచిపెట్టింది.

ఆ తరువాత వార్డులో పొద్దుటి నాడి పని ఆమెకు అప్పగించారు. తలుపు దగ్గర బల్ల ముందు పెద్ద సిస్టరు కూర్చుంటే, ఈవిడ మంచం మంచం దగ్గరా ఆగి అంకె పైకి చెబుతూ పోయేది. ఆ పని కాజాలక్కకు ప్రాణం. రోజంతా గొణిగేవాడైనా, కసిరేవాడైనా, చేయి పట్టుకోగానే లోపల ఒకే తీరుగా, నెమ్మదిగా, ఏ కల్మషమూ లేనట్టు కొట్టుకునేవాడు. పైపైన ఇన్ని తేడాలున్నా లోపల మనుషులంతా ఒకటేనని ఆమెకు అనిపించేది. ఒకసారి ఆ మాటే ఇంటాయనతో అని కళ్ళు తుడుచుకుంది కూడా.

ఆ వార్డులో ఆమెకు బాగా దగ్గరైన మనిషి డ్రాయింగు మాస్టారు. పిల్లలకు బొమ్మలు నేర్పి రిటైరయ్యాడు. ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చి, కోలుకుని, ఇంటికి వెళ్ళబోతున్నాడు. నేనూ ముసలి విద్యార్థినే, చావడం ఎలాగో నేర్చుకుంటున్నా, పాసవడం లేదు అనేవాడు. అలాంటి మాటలు మాట్లాడితే ఇంజక్షను పెద్ద సూదితో ఇస్తానని ఈవిడ బెదిరించేది. ఒక్కగానొక్క కూతురు రోజూ పొద్దున్నే ఫ్లాస్కులో వేడి పాలు తెచ్చి, ఆయన తాగేదాకా కూర్చుని, తన ఆఫీసుకు వెళ్ళేది.

ఆ రోజు పొద్దున మాస్టారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కాజాలక్క మెల్లగా చేయి బయటికి తీసింది. చల్లగా తగిలింది. పెద్దవాళ్ళ చేతులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి, పైగా కిటికీ తెరిచి ఉంది. ఫ్యాను గాలికి దుప్పటి అంచు కదిలింది, ఊపిరికి కదిలిందనుకుంది. బొటనవేలు ఆనించింది. టక్, టక్, టక్. నిమిషం పూర్తయ్యాక అంకె చెప్పింది. అప్పుడే కూతురు ఫ్లాస్కుతో లోపలికి వచ్చింది.

"బాగుందమ్మా నాడి, భేషుగ్గా ఉంది. ఇన్నాళ్ళకు మంచి నిద్ర పట్టినట్టుంది, లేపకండి," అంది కాజాలక్క. దుప్పటి మాస్టారి భుజాల దాకా లాగి పక్క మంచానికి వెళ్ళింది.

పక్క మంచం తాపీమేస్త్రిది. ముందు రోజే కడుపు ఆపరేషను అయింది. ఏమడిగినా బాగానే ఉందనే రకం. ఆ రోజూ అదే మాట అన్నాడు గానీ, మంచినీళ్ళు ఇప్పించమని రెండుసార్లు అడిగాడు. ముఖమంతా చెమట పట్టి ఉంది. ఆమె తుడిచి, పెదాలు తడిపి, నాడి చూసి, అంకె చెప్పింది. ఆ అంకెకూ మాస్టారి అంకెకూ పెద్ద తేడా లేదు. వరస చివరిదాకా ఏ అంకెకూ తేడా లేదు.

థర్మామీటరు పట్టుకుని తిరిగే పొడుగుపిల్ల ఆ రోజు అవతలి వరస నుంచి మొదలుపెట్టింది. మాస్టారి దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమైంది. అప్పటిదాకా కూతురు స్టూలు మీద కూర్చుని, తండ్రి చేయి తన చేతుల్లో పెట్టుకుని, ఆయన తనంతట తానే లేస్తాడని ఎదురుచూస్తోంది. పొడుగుపిల్ల ముందుకు వంగి పిలిచింది. గట్టిగా పిలిచింది. ఆ తరువాత వెనక్కి అడుగులు వేస్తూ పెద్ద సిస్టరు కోసం చూసింది.

పెద్ద సిస్టరు వచ్చి మెడ దగ్గర వేళ్ళు పెట్టింది, రెప్ప ఎత్తి చూసింది, దవడ తాకి చూసింది. డాక్టరు కూడా అవే చూసి గొంతు తగ్గించి చెప్పాడు. నిద్రలోనే పోయారట, తెల్లవారకముందే పోయి ఉంటారట, ఒళ్ళు అప్పుడే బిగుసుకుంటోందట. ఎవరూ చేయగలిగింది ఏమీ లేదట.

కూతురు ఏడవలేదు. డాక్టరు వైపు కాకుండా కాజాలక్క వైపు తిరిగింది.

"ఇందాకే కదా నాడి బాగుందన్నారు."

కాజాలక్క కొయ్యబారిపోయి నిలబడింది. మాస్టారు పోయారన్న దుఃఖం కూడా ఆమెకు ఇంకా చేరలేదు. లెక్కపెట్టింది కదా. వేలికి తగిలింది కదా. పోయిన మనిషి చేతిలో అంత తీరుగా కొట్టుకున్నది ఏమిటి? 

పెద్ద సిస్టరు ఆమెను రెక్క పట్టుకుని, దుప్పట్లు మడతపెట్టే గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఇలాంటి విద్యార్థులను చాలామందినే చూసింది. చేయి ముట్టుకోకుండానే నోటికొచ్చిన అంకె చెప్పి కునుకు తీయడానికి పోయేవాళ్ళు. నువ్వు కూడా అలాగే చెప్పావు కదా అని సూటిగా అడిగింది.

"లేదు సిస్టర్. లెక్కపెట్టాను. కొట్టుకుంది."

పెద్ద సిస్టరు ఆ ముఖంలోకి చూసింది. అది అబద్ధం చెబుతున్న ముఖం కాదు. అందుకే ఆవిడకు కూడా ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది. ఎలా చూశావో చూపించమని తన చేయి చాపింది. భయంలో కాజాలక్క వేళ్ళ చాటు సంగతి మరిచిపోయింది. బొటనవేలు తెచ్చి తిన్నగా మణికట్టు మీద పెట్టింది.

నిప్పు తగిలినట్టు పెద్ద సిస్టరు చేయి లాక్కుంది.  తరువాత, దుప్పట్లు పేర్చి ఉన్న చెక్కబల్ల అంచు చూపించి, దీని నాడి చూడమంది.

"బల్లకు నాడేమిటి సిస్టర్?"

"చూడు."

కాజాలక్క బొటనవేలు బల్ల అంచుకు ఆనించి అదిమింది. టక్, టక్, టక్, టక్. బల్ల కొట్టుకుంటోంది. పొద్దున కన్నా వేగంగా, బెదిరిపోయి కొట్టుకుంటోంది. ఆమె కెవ్వుమనబోయి మరో చేత్తో నోరు నొక్కుకుంది.

"అది నీదే. ఆ వేలిలో మన నాడి మనకే గట్టిగా తెలుస్తుంది, అవతలివాళ్ళది దాని కింద మునిగిపోతుంది. అందుకే పెట్టకూడదన్నాను. పాఠం చివర్లో చెప్పాను. నువ్వు లేవా?"

అప్పటికి ఆమె దుకాణం దారి పట్టింది. ఇంటాయనది, అత్తగారిది, వాచ్‌మన్‌ది, గొణిగేవాళ్ళది, కసిరేవాళ్ళది, లోపల ఒకటేనని తాను కళ్ళు తుడుచుకున్న మనుషులందరిదీ, తాను లెక్కపెట్టిన నాడి అంతా ఒక్కసారిగా కుప్పకూలింది. ఇన్ని రోజులూ ఆమె ఒక్క మనిషి నాడి కూడా చూడలేదు. అందరి చేతులూ పట్టుకుని తన గుండెనే లెక్కపెట్టుకుంటూ తిరిగింది. సిగ్గుతో, భయంతో కళ్ళు బైర్లు కమ్మాయి. బల్ల పట్టుకుందామనుకుని, దాన్ని ముట్టుకోవడానికి చేయి రాక గోడకు ఆనుకుంది.

అప్పుడు మేస్త్రి గుర్తొచ్చాడు. ఆ చెమట. ఆ దాహం.

పెద్ద సిస్టరు ఇంకా మాస్టారి గురించే ఆలోచిస్తోంది. మాస్టారి విషయంలో తప్పు జరిగినా దానివల్ల ప్రాణం పోలేదని డాక్టరే అన్నాడు. తిట్లతో, క్షమాపణతో గట్టెక్కినా గట్టెక్కవచ్చు. ఇప్పుడు మేస్త్రి మాట ఎత్తితే అది బతికున్న మనిషికి తెచ్చిన ముప్పు. ఇక కాలేజీలో అడుగు పెట్టే పని ఉండదు. ఆ లెక్కంతా కాజాలక్క మనసులో మెరుపులా తిరిగింది. తిరిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"సిస్టర్, మేస్త్రి అంకె కూడా నాదే. ఆయనకు ఏదో అయింది. ముందు ఆయన్ని చూడండి."

ఆమె మాట పూర్తికాకముందే పెద్ద సిస్టరు తలుపు తీసింది. మేస్త్రి ముఖం పాలిపోయి, పెదాలు తెల్లబడి, పిలిస్తే పలకడం లేదు. మూడు వేళ్ళు మణికట్టు మీద పెట్టిన పెద్ద సిస్టరు గడియారం వైపు చూడనే లేదు. లెక్కకు అందనంత వేగంగా, దారప్పోగంత సన్నగా ఉందని డాక్టరుతో చెప్పింది. కుట్ల లోపల రక్తం కారుతోందని గ్రహించడానికి ఆయనకు అట్టే సేపు పట్టలేదు. మంచంతో సహా ఆపరేషను గదికి నెట్టుకుపోయారు. మేస్త్రి భార్య చెప్పులు లేకుండా ఆ మంచం వెంట పరిగెత్తడం కాజాలక్క చూసింది.

ఆ తరువాత పెద్ద సిస్టరు ఆ వరసలో ప్రతి మంచం దగ్గరా ఆగి నాడి మళ్ళీ తానే చూసింది. కాజాలక్కను పక్కనే నిలబడి వినమంది. ఒకరిది నిదానం, ఒకరిది తొందర, ఒకరిది తడబడుతూ నడిచే నాడి. ఏ ఇద్దరిదీ ఒకటి కాదు. ప్రతి అంకె చెంప మీద కొట్టినట్టు తగులుతుంటే కాజాలక్క తల వంచుకుని విన్నది.

ఎండ వార్డులోకి వచ్చాక పొడుగుపిల్ల ఆపరేషను గది నుంచి కబురు తెచ్చింది. రక్తం కారే చోటు దొరికిందట, కుట్టేశారట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదట. అది విని కాజాలక్క అక్కడే నేల మీద కూలబడింది. లేపడానికి పెద్ద సిస్టరు చేయి ఇవ్వలేదు, అలాగని వదిలి వెళ్ళనూ లేదు. జరిగింది జరిగినట్టు కాలేజీకి చెబుతానంది. మేస్త్రి సంగతి నువ్వే చెప్పావని కూడా చెబుతానంది. వాళ్ళు ఉంచుతారో పంపేస్తారో తన చేతుల్లో లేదంది.

"మాస్టారి అమ్మాయికి నేను చెబుతాను. నువ్వు ఇంటికి వెళ్ళు."

"నేనే చెబుతాను సిస్టర్," అంది కాజాలక్క.

మాస్టారి కూతురు వరండా బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. రావలసిన బంధువులకు ఫోన్లు చేసి, ఇక చేయడానికి ఎవరూ మిగలక, ఫోను ఒళ్ళో పెట్టుకుంది. కాజాలక్క పక్కన కూర్చోవడానికి ధైర్యం చాలక ఎదురుగా నిలబడింది. జరిగింది దాచకుండా చెప్పింది. తాను చూసింది మాస్టారి నాడి కాదని, తనదేనని, ఆమె పాలు తీసుకుని వచ్చేసరికే ఆయన లేరని చెప్పింది.

ఆ పిల్ల వినిపించుకోనట్టే తల అడ్డంగా ఊపింది.

"డాక్టరు గారు పొరబడ్డారు. మీరు వెళ్ళాక నేను కూడా చేయి పట్టుకున్నాను. నాకూ తెలిసింది. ఇక్కడ, నా వేలి కింద కొట్టుకుంది. నేను పట్టుకుని ఉండగానే పోయారు నాన్న."

చెబుతూ చెబుతూ పట్టుకున్న తీరు చూపించింది. అందరూ పట్టుకునే తీరే అది. బొటనవేలు మణికట్టు మీద ఉంది.

 అవునమ్మా, మీ చేతుల్లోనే పోయారు అంటే సరిపోతుంది. ఎవరికీ నష్టం లేదు, ఈ పిల్లకు జన్మంతా అదొక ఊరట. ఆ మాట కాజాలక్క నాలిక చివరిదాకా వచ్చింది. కానీ పొద్దున ఇదే పిల్లకు ఇంతే తియ్యని మాట ఒకటి చెప్పింది. దాన్ని నమ్ముకుని ఆ పిల్ల ఒక శవం పక్కన, నిద్ర చెడుతుందేమోనని ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ కూర్చుంది.

"అది మీదమ్మా. మీ నాడే," అంది.

ఆ పిల్ల చాలాసేపు తన చేతి వైపు చూసుకుంది. ముఖంలో రంగు పోయింది. కొడుతుందేమో, కొడితే బాగుండునని కాజాలక్క అనుకుంది.

"అయితే నాన్న ఒక్కరే పోయారా?"

"అవునమ్మా."

"పక్కన ఎవరూ లేరా?"

"లేరు."

"మీరు వెళ్ళండి," అందా పిల్ల తల ఎత్తకుండా. కాజాలక్క కదలలేదు. ఎక్కడికి వెళ్ళాలో, ఈ ముఖంతో ఇంటికి ఎలా వెళ్ళాలో ఆమెకు తోచలేదు. ఇంట్లో దండెం మీద రేపటి యూనిఫాం ఆరుతూ ఉంటుంది.

"ఇంకా నిలబడ్డారేం? నాన్న దగ్గరికి వెళ్ళండి. మా వాళ్ళు వచ్చేదాకా ఆయన దగ్గర కూర్చోండి. మళ్ళీ ఒక్కరే ఉన్నారక్కడ."

కాజాలక్క వార్డులోకి వెళ్ళింది. మాస్టారి మంచం చుట్టూ కట్టిన తెర తొలగించి, లోపలికి వెళ్ళి, స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చుంది.